ఇద్దరు ఆడవాళ్లు మోయగల రైలు

కిందటి వారం కొలువు బొమ్మల్ని తేమ, చెదలు తగలకుండా దాచుకోవడం గురించి రాస్తూ చివర్లో ఓ మాట అన్నాను, గుర్తుందా? మా అటకమీద బొమ్మల పెట్టెలతోపాటు రైలు పెట్టెలు కూడా ఉన్నాయనీ, ఆ రైలు ఏడాదికి రెండు మూడు ఊళ్లు తిరిగొస్తుందనీ! ఇంకేం, బొమ్మల సంగతి వదిలేసి అందరూ రైలు మీదే పడ్డారు. "పిల్లలాడుకునే కీ రైలేనా?" అని కొందరు, "బొమ్మరైలుకి ఊళ్లు తిరగడమేమిటండీ?" అని కొందరు, "మీవారి సరదానా?" అని చాలామంది. ఆ మూడో ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకని ఈ వారం వంటా వార్పూ పక్కన పెట్టి ఆ రైలు గురించే చెప్పుకుందాం.

మొదలైంది మాత్రం కొలువులోనే. 2011 సంక్రాంతికి మా పెద్దాడికి ఎనిమిదేళ్లు. కొలువు మెట్ల ముందు ఆవాలు, మెంతులు చల్లి మొలకెత్తించి పార్కు చేస్తాం కదా, వాడు దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు బిగించి బ్యాటరీ రైలు తిప్పాడు. మా మామయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ లైన్లోనే సర్వీసంతా గడిపారు. పడక్కుర్చీలోంచి కాసేపు చూసి, "ఘాటెక్కే బండి ఇలా పరిగెడుతుందట్రా, అఘాయిత్యం కాకపోతే!" అన్నారు. ఆ మాట పట్టుకుని తాతా మనవళ్లు ఘాటు కట్టడం మొదలెట్టారు. మావారు వైర్లు లాగారు. కొండలకి అట్టలూ, చెట్లకి స్పాంజీలూ నా వంతు.

ఆ లైను గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి, అక్కణ్ణుంచి జపానుకి పంపడానికి 1960లలో వేసిన దారి అది. అడవులూ లోయల మీదుగా 58 సొరంగాలు. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బొర్రా గుహల దగ్గరైతే కింద గుహలు, పైన పట్టాలు! 2017లో అద్దాల పెట్టె తగిలించాక ఊరంతా ఎగబడింది గానీ, మా మామయ్యగారు మాత్రం ఆ లైన్ని వెనకాల బ్రేకు పెట్టెలోంచే చూశారు. మేం కట్టినదాంట్లో బొర్రా స్టేషను, ఓ వంతెన, రెండు సొరంగాలు, ఓ కాఫీ తోట ఉన్నాయి. మిగతా 56 సొరంగాలూ చూసేవాళ్ల ఊహకే వదిలేశాం.

ఇలా బల్లమీద పట్టాలు పరిచి, కొండలూ ఊళ్లూ కట్టిన మొత్తం ఏర్పాటుని లేఅవుట్ అంటారు (ఇళ్లస్థలాల లేఅవుట్ కాదు లెండి!). మా రైలు హెచ్.ఓ. సైజుది, అంటే అసలు బండిలో 87వ వంతు. పెద్ద పెట్టె పది అంగుళాలు, జానెడు మీద ఓ వేలు అనుకోండి. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మామయ్యగారు మొదటిరోజే స్కేలు పెట్టి కొలిచి, "ఇది మీటర్ గేజికి ఎక్కువ, బ్రాడ్ గేజికి తక్కువ" అని తేల్చేశారు. నిజమే. విదేశాల గేజికి సరిపడా చేసి అమ్మే పట్టాలవి. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కదా, దాన్ని 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. ప్రదర్శనల్లో ఈ తేడా కనిపెట్టేది రిటైరైన రైల్వేవాళ్లు మాత్రమే. వాళ్లు వచ్చి పట్టుకున్నప్పుడల్లా మామయ్యగారికి పండగే.

ముందు అపార్టుమెంటులో దసరాకి పెట్టాం. తర్వాత పిల్లల స్కూలు సైన్సు ప్రదర్శన, ఆ తర్వాత పక్క జిల్లాలో ఓ హాబీల ప్రదర్శన నుంచి పిలుపు. స్టాంపులు, నాణేలు, బోన్సాయ్ చెట్లు, గాలిపటాలు, మధ్యలో మా రైలు! వేన్ కిరాయి వాళ్లే ఇచ్చారు. అంతకుమించి డబ్బు వచ్చే పని కాదిది, ముందే చెబుతున్నా.

ఇంట్లో ఉండే లేఅవుట్ వేరు, ఊరెళ్లే లేఅవుట్ వేరు. ఇంట్లో పట్టాలు ఒకచోట కదిలితే మళ్లీ ఆదివారం చూసుకోవచ్చు. బయట నాలుగొందలమంది నిలబడి చూస్తుండగా సొరంగంలోకి వెళ్లిన బండి బయటికి రాకపోతే? అదలా ఉంచి, అసలు ఇంట్లోంచి వీధిలోకి చేరాలి కదా! మాది మొత్తం పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆరడుగుల బల్లలు రెండు. ముప్పావు అంగుళం ప్లైవుడ్, కింద బలమైన చట్రం. ఒక్కో బల్ల నిండు గ్యాస్ బండకంటే బరువు. బండనైతే దొర్లించుకోవచ్చు, దీన్ని దొర్లిస్తే బొర్రా స్టేషను కిందికొస్తుంది! లిఫ్టులో పట్టదు. మావారూ పెద్దాడూ చెరో వైపు పట్టుకుని మూడంతస్తులు మెట్లమీదుగా దింపేవారు. నేను వెనకాల "గోడ, గోడ!" అని అరుస్తూ టిఫిన్ బుట్టతో దిగేదాన్ని. అప్పట్లో ప్రదర్శనలో నా ఉద్యోగం అదే.

2024లో పెద్దాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. అదే ఏడాది మావారికి నడుం డిస్కు జరిగి, బరువులెత్తొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రెండు బల్లలూ గోడకి చేరగిలబడి, పైన దుప్పటి కప్పుకుని కూర్చున్నాయి. సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చాడు. కొత్తగా పెట్టబోయే హోటల్లో అద్దాల వెనక పెట్టుకుంటాం, మొత్తం ఇచ్చేయండన్నాడు. ఆయన చెప్పిన ధర మా అమ్మాయి ఇంటరు రెండేళ్ల ఫీజుకి సరిగ్గా సరిపోతుంది. మీరే చెప్పండి, మన ఇళ్లల్లో అలాంటి లెక్క ఎదురొస్తే ఎటు మొగ్గుతాం? మావారు ఇచ్చేద్దామన్నారు. నేనూ కాదనడానికి కారణం వెతుక్కోవలసి వచ్చింది. మామయ్యగారు (ఆయనకిప్పుడు 82) ఏమీ అనలేదు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, "ఇస్తే ఇవ్వండమ్మా, ఆ బొర్రా బోర్డొక్కటీ ఊడదీసి నాకు పడేయండి" అన్నారు.

మా అమ్మాయి కంచం ముందునుంచి లేచి, టేపు తెచ్చి, లిఫ్టు తలుపు కొలిచి వచ్చింది.

దాని లెక్క ఇదీ. అవే 12 అడుగులు, అవే నాలుగడుగులు, కానీ రెండు బల్లలు కాకుండా ఆరు. ఒక్కోటి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పావంగుళం ప్లైవుడ్, కింద అడుగుకొకటి చొప్పున సన్నటి రీపర్లు. వడ్రంగి "వంగిపోద్దమ్మా" అంటూనే చేశాడు. వంగలేదు. కొండలూ స్టేషనూ అన్నీ కలిపి ఒక్కోటి తొమ్మిది కిలోల లోపు. రెండేసి బల్లలు ఎదురెదురుగా, కొండలు లోపలికి ఉండేలా పెట్టి, రెండు చివర్లా చెక్కలు బిగిస్తే ఓ పెట్టె అవుతుంది. అలాంటివి మూడు. ఇద్దరాడవాళ్లు, నడుం పట్టకుండా, లిఫ్టులో! ఖర్చుకి మాత్రం మంచుదేశాల ఆవిరి ఇంజనొకటీ దాని పెట్టెలు నాలుగూ అమ్మేశాం. అరకులో వాటికేం పని? అమ్మాయి ఫీజు వాయిదాల్లో కడుతున్నాం. ఇంకా ఒక వాయిదా ఉంది.

బరువు తగ్గినందుకు ఇంకోచోట చెల్లించుకున్నాం సుమండీ. మాది జోడు పట్టాల దారి. పాత పద్ధతిలో పట్టాలు ఒక బల్లమీంచి ఇంకోదానిమీదికి దాటే చోట్లు నాలుగే. ఇప్పుడవి పన్నెండు. బండి పట్టాలు తప్పేది ఎప్పుడూ అక్కడే. అర మిల్లీమీటరు ఎత్తుపల్లం చాలు, ముందు చక్రం దిగిపోతుంది. అందుకని బల్లల అంచుల్లో ఇత్తడి స్క్రూలు దింపి, పట్టాలని వాటికి టంకం వేసేశాం, ఇక కదలవు. ఒక బల్లకి ఇత్తడి గుబ్బలు, పక్కదానికి సరిపడా గుంటలు పెట్టాం. అచ్చం మన జాకెట్ టిచ్ బటన్లలాగే. టక్కున కూర్చుంటే పట్టాలు వాటంతటవే ఎదురెదురుగా వస్తాయి. ఆ పైన బోల్టు. టంకం వేసినదంతా మా అమ్మాయే. ఆ వేసవిలో పెళ్లిచూపులకని పక్కింటికొచ్చిన పెద్దావిడ దాన్ని చూసి, "ఆడపిల్లకి ఇదేం పనమ్మా!" అంది. వాళ్లింట్లో మిక్సీ ప్లగ్గు ఊడితే బాగుచేసింది కూడా మా పిల్లే, అది వేరే సంగతి.

నాకు నచ్చిన మార్పు ఇంకోటుంది, ఎత్తు. ఈ హాబీ ఉన్న మగవాళ్లకి రైలు కళ్లకెదురుగా, నాలుగడుగుల ఎత్తున ఉంటేనే ముచ్చట. నిజం చెప్పొద్దూ, అలా చూస్తే బండి అసలుదానిలాగే ఉంటుంది. కానీ ప్రదర్శనకొచ్చేవాళ్లలో సగం మంది మూడడుగుల మనుషులు! తల్లులు వాళ్లని చంకనేసుకుని, ఎత్తి ఎత్తి చేతులు పడిపోయి, రెండు నిమిషాల్లో వెళ్లిపోయేవారు. రైలు తిరిగొచ్చేసరికి పిల్లాడుండేవాడు కాదు. కొత్తవాటికి కాళ్లు 33 అంగుళాలే పెట్టించాను. మా వంటగట్టు ఎత్తది. నిలబడి నడిపేవాళ్లకి నడుం నొప్పి రాదు, ఐదారేళ్ల పిల్లలకి నేరుగా కనబడుతుంది. మరీ చిన్నవాళ్లకి రెండు పీటలు. ముందువైపు అరడుగు ఎత్తున అక్రిలిక్ రేకు. దాని వెనక చెయ్యి పెట్టాలంటే పాకులాడాలి, ఆలోపు మనం చూస్తాం.

"తాకరాదు" అని బోర్డు పెట్టడం మానేశాం. చదవడం వచ్చినవాళ్లు ఎలాగూ తాకరు, తాకేవాళ్లకి చదవడం రాదు! దాని బదులు ముందువైపు పెద్ద ఎర్ర బటన్ పెట్టాం. నొక్కితే బొర్రా స్టేషన్లో దీపాలు వెలిగి గంట మోగుతుంది. చేతికి పని దొరికిన పిల్లవాడు రైలు జోలికి రాడు. ఇది ఇంట్లో పిండి కలిపేటప్పుడు మనందరికీ తెలిసిన ఉపాయమే, ఓ చిన్న ముద్ద చేతిలో పెట్టేస్తాం కదా.

నడపడం గురించి. చేతిలో ఇమిడే డబ్బా, దానిమీద ఓ గుండ్రటి మీట. పట్టాల్లోకి వెళ్లేది 12 వోల్టులు, భయం లేదు. కష్టమల్లా దుమ్ము. హాల్లో ఫ్యాన్లు, జనం కాళ్లు... గంటకే పట్టాలమీద నల్లటి పొర పట్టి ఇంజను తడబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అని మందుల షాపులో దొరుకుతుంది, పాత పంచె ముక్కకి కాస్త రాసి తుడవాలి. గంటకో ఇంజనుకి విశ్రాంతి ఇచ్చి ఇంకోటి ఎక్కిస్తాం. ఏదో ఒకటి కదులుతూనే ఉండాలి. ఆగిన రైలు ముందు మనిషి నిలబడడు. అలాగని వేగంగా తిప్పకూడదు. మామయ్యగారు పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, కాస్త వేగం పెరిగితే చాలు, చేత్తో "దించు, దించు" అని సైగ చేస్తారు.

తిండి సంగతి చెప్పకపోతే ఈ పేజీకి అన్యాయం చేసినట్టే. పులిహోర వద్దు, కారప్పొడి నూనె ఇడ్లీలు అసలే వద్దు. నూనె వేళ్లతో పెట్టె పట్టాలెక్కించామా, ఆ జిడ్డు చక్రాలకంటి పట్టా పొడుగునా పరుచుకుంటుంది. చెంచాతో తినే దద్ధోజనం, కాగితంలో చుట్టిన పొడి చపాతీ, అరటిపళ్లు. సున్నుండలు కూడా ఇంటికొచ్చాకే!

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. కొత్త బల్లలతో మొదటిసారి వెళ్లినచోట, నిర్వాహకులు టేబులు మీద మావారి పేరూ మా అబ్బాయి పేరూ రాసిన కార్డు పెట్టి ఉంచారు. పుణెలో ఉన్న అబ్బాయి పేరు! మా అమ్మాయి ఆ కార్డు తిరగేసి, వెనకవైపు ఐదు పేర్లు రాసింది. ముందు తాతగారిది, చివర తనది. అయినా వచ్చినవాళ్లంతా మావారినే అడుగుతారు. కుర్చీలో కూర్చుని ఉన్నది ఆయన, మీట చేతిలో ఉన్నది నాకు, అయినా సరే. "ఎంత ఓపికండీ మీకు!" అని ఆయన్ని మెచ్చుకుంటూ నా వంక చూసి, "మీరూ వచ్చారా?" అంటారు. మొదట్లో ఆయన మొహమాటపడి ఏదో ఒకటి చెప్పేవారు. ఇప్పుడు, "వైరింగు గురించైతే నన్నడగండి, మిగతావి ఆవిణ్ణడగండి" అనేస్తున్నారు. ఆడవాళ్లు మాత్రం మొదటి చూపులోనే పట్టేస్తారు. ఒకావిడ కొండని చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, "ఆ నేల రంగుకి వాడింది టీపొడా?" అంది. అవును, వాడేసి ఎండబెట్టిన టీపొడే! బాగా ఎండాలి, తడి ఉంటే బూజు పడుతుంది. ఆవిడకీ నాకూ అరగంట పట్టింది మాటలు తెమలడానికి. ఆలోగా మా అమ్మాయి రెండు బండ్లూ ఒక్కతే నడిపింది.

ఇలాంటి పనుల్లో ఆడవాళ్ల పేరు ఎక్కడా లేదనుకోకండి. అమెరికాలో 1970లలోనే ఎవరి బల్ల వాళ్లు కట్టుకుని తెచ్చి, ప్రదర్శనలో అందరివీ కలిపి ఒకే పెద్ద దారి చేసే పద్ధతి వచ్చింది. వాళ్ల బల్ల కొలత కూడా నాలుగడుగులు, రెండడుగులేనట! మోసే చేతులు ఎక్కడైనా ఒకటే మరి. తర్వాత 2001లో ఇంకా చిన్నగా, మామూలు టేబులు మీద పేర్చుకునే పెట్టెల పద్ధతిని, జపానులో చూసొచ్చి, అక్కడ పరిచయం చేసింది లీ మొనాకో-ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఆవిడ. దాన్ని టీ-ట్రాక్ అంటారు. పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లే. ఒక్కో పెట్టె కూరల సంచిలో పట్టేస్తుంది. ఇల్లు ఇరుకని బాధపడుతూ రాసిన సోదరీమణులు దాంతో మొదలుపెట్టొచ్చు.

మనదేశంలో చూడదలిస్తే పుణె వెళ్లండి. కొత్రూడ్‌లో జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది. 1998లో తెరిచారు. భావు అని అందరూ పిలిచే బి.ఎస్. జోషీగారు మొదట్లో మనలాగే విప్పి బిగించే లేఅవుట్‌తో ప్రదర్శనలు పెట్టి, తర్వాత ఒకచోట స్థిరంగా కట్టారు. ఓ చిన్న ఊరు ఊరంతా, రైళ్లూ దీపాలతో! పెద్దాడి దగ్గరికెళ్లినప్పుడు చూశాం. మావారు, "చూశావా, ఇలా ఒకచోట ఉంటే మోత ఉండదు" అన్నారు. నిజమే. కానీ పాడేరు నుంచో సాలూరు నుంచో పిల్లలు మా మూడో అంతస్తుకి రారు కదా. మేమే దిగాలి.

తిరుగు ప్రయాణం సర్దుడు గురించి ఒక్క హెచ్చరిక. ప్రదర్శన ముగిశాక, అందరూ అలిసి, వేన్‌వాడు హారన్ కొడుతుంటే అప్పుడే విరుగుతాయి వస్తువులు. వెళ్లేటప్పుడు కాదు. అందుకని ప్రతి పెట్టె మూత లోపల ఏది ఎక్కడో బొమ్మ గీసి అంటించాం. పెట్టెలకి ఫోము వద్దు, మన ఎండలకి రంగుకి అతుక్కుపోతుంది. మెత్తటి పాత నూలు చీర ముక్కలే మేలు. బోల్టులకి హోమియో మాత్రల సీసాలు. ఇంజన్లు నా ఒళ్లో ప్రయాణిస్తాయి, వేన్‌కి అప్పగించను.

ఇంకా తెగని సమస్య ఒకటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి ఏడో అతుకు బిగుసుకుపోతోంది. వార్నిషు రెండు పూతలు వేశాం, తగ్గింది గానీ పోలేదు. మీ ఇళ్లల్లో వడ్రం తెలిసినవాళ్లుంటే ఉపాయం రాయించి పంపండి, డిసెంబరులో మళ్లీ బయల్దేరాలి.

స్పాంజి చెట్లు ఎలాగని అడిగినవాళ్లకి: గిన్నెలు తోమే మామూలు స్పాంజి కొత్తది తీసుకుని చిన్నముక్కలు చేసి, నీళ్లతోపాటు పాత మిక్సీలో (వంటది కాదు!) రెండు తిప్పులు తిప్పండి. పిండి, ఆకుపచ్చలో కాస్త పసుపు పచ్చ, కాస్త మట్టిరంగు కలిపిన రంగునీళ్లలో రాత్రంతా నానబెట్టి నీడన ఆరబెట్టండి. ఎండిన తులసి కొమ్మల్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి ఈ పొడిలో దొర్లిస్తే సరి. ఒకే పచ్చ వాడకండి, ప్లాస్టిక్ చెట్టులా ఉంటుంది. అరకు కొండమీద ఏ రెండు చెట్లూ ఒక రంగులో ఉండవు.